క్రైస్తవుడు సర్పంచిగా నిలబడాలనుకుంటే

వందనాలు. మీరు రాసినది నాకు అర్థమైన మేరకు ఇది: మీకు ముప్పై ఏళ్లు, ప్రకాశం జిల్లాలో ఒక మోస్తరు గ్రామం, ముత్తాతల కాలం నుంచి బాప్టిస్టు సంఘంలో ఉన్న కుటుంబం. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో సర్పంచిగా నిలబడమని ఊళ్లో కొందరు పెద్దలు మిమ్మల్ని అడుగుతున్నారు. రాజకీయంలోకి వెళ్లిన విశ్వాసి విశ్వాసిగా తిరిగి రాడని మీ అమ్మగారు దిగులు పడుతున్నారు. ఈ దారిలో విశ్వాసం ఆసరా అవుతుందా, అడ్డమవుతుందా అన్నది మీ ప్రశ్న.

నేను గుంటూరు జిల్లాలో ఒక పల్లె లూథరన్ సంఘానికి పెద్దను. 1995లో వార్డు సభ్యుడిగా గెలిచాను, 2001లో సర్పంచిగా నిలబడి ఓడిపోయాను, 2006లో గెలిచి 2011లో ప్రత్యేకాధికారుల పాలన వచ్చేదాకా పనిచేశాను. నా అనుభవంలో విశ్వాసం ఓట్లు తెచ్చిపెట్టే సాధనంగా పనికిరాలేదు. అలా వాడుకోబోయిన ఒక్కసారీ ఓట్లూ పోయాయి, సంఘమూ చీలింది. ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు, ఎవరి పని ముందు చేయాలి అన్నవి తేల్చుకోవడంలో మాత్రం అది ప్రతిరోజూ అక్కరకొచ్చింది. మీ అమ్మగారి భయం బహుశా లంచాల గురించి అయి ఉంటుంది. కాని మనలాంటివారికి మొదటి పరీక్ష పదవిలోకి వెళ్లాక రాదు. నామినేషన్ కంటే ముందే, కుల ధ్రువపత్రం దగ్గర వస్తుంది.

మీరు రాయలేదు గానీ, మన జిల్లాల్లో తరతరాల బాప్టిస్టులు, లూథరన్లు అంటే చాలావరకు మాల, మాదిగ కుటుంబాలేనని మీకూ తెలుసు, నాకూ తెలుసు. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డ్ కులస్థులుగా పరిగణించరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కూడా హిందువులతో పాటు ఆ హోదాలో చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి సంతానం మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. షెడ్యూల్డ్ తెగలకు ఈ మతం మెలిక లేదు కాబట్టి మన్యంలోని గిరిజన క్రైస్తవులకు ఈ బాధ తప్పింది. అయితే మైదాన ప్రాంతపు పల్లెల్లో జరిగేది మీరు చూస్తూనే ఉన్నారు. సంఘం రిజిస్టరులో బాప్తిస్మపు తేదీ ఉంటుంది, స్కూలు రికార్డులో 'హిందూ' అని ఉంటుంది, ఇంట్లో ఒకరిని ఒక పేరుతో పిలుస్తారు, ఆధార్ కార్డులో ఇంకో పేరు ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే అని తేలింది. ఆదివారం పొద్దున ఏ పల్లెలోనైనా మైకుల చప్పుడు విన్నవాడికి ఆ అంకె ఎందుకంత చిన్నదో ఒకరు చెప్పనక్కర్లేదు.

1995లో మా ఊరి సర్పంచి పదవి ఎస్సీలకు రిజర్వు అయింది. నిలబడమని మొదట నన్నే అడిగారు. మా నాన్న నన్ను బడిలో చేర్చినప్పుడు అయ్యవారు అడగకుండానే 'హిందూ, మాల' అని రాసుకున్నారు, కాబట్టి పత్రం తెచ్చుకోవడం ఒక పూట పని. నేను అప్పటికే సంఘ కమిటీలో ఉన్నాను, బల్ల (ప్రభువు రాత్రి భోజన సంస్కారం) తీసుకునే సభ్యుణ్ణి. నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రకటన కింద సంతకం పెట్టడానికి కూర్చున్నప్పుడు చెయ్యి ఆగిపోయింది. ఆ రాత్రి మా పెద్దాయన ఒకరు "మనల్ని ఊరవతల ఉంచినప్పుడు మన మతం ఏదని ఎవరైనా అడిగారా?" అని నిలదీశారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఈరోజుకీ లేదు. బాప్తిస్మం తీసుకుంటే కులం పోదు. కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా పోదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడిపెట్టకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది. మన శాసనసభ 2009లో ఒకసారి, 2023లో ఇంకోసారి దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ నేతృత్వంలో కమిషన్ వేసింది. ఆ చట్టం అన్యాయమని నేను బాహాటంగానే చెబుతాను, మార్చమని అడిగే సభలకు వెళ్తాను. కాని చట్టం అన్యాయమైనది కాబట్టి నేను అబద్ధపు ప్రకటన మీద సంతకం పెట్టి, ఆ పదవిలో కూర్చుని ఊరికి న్యాయం చెబుతానంటే నాకే నోరు రాదనిపించింది. సర్పంచి పదవి వదులుకుని జనరల్ వార్డులో నిలబడ్డాను. పదకొండేళ్ల తర్వాత ఆ పదవి బీసీలకు వచ్చినప్పుడు బీసీ-సీ పత్రంతో గెలిచాను. పదకొండేళ్లు చిన్న మూల్యమేమీ కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను.

మనస్సాక్షి మాట అలా ఉంచి, చట్టం కోణంలోనూ ఇది ప్రమాదకరమైన దారి. ఓడిపోయిన ప్రత్యర్థి ఎన్నికల పిటిషన్ వేస్తే సంఘం రిజిస్టరు, పెళ్లి ఫొటోలు, క్రైస్తవ కన్వెన్షన్ సభల పోస్టర్లు అన్నీ సాక్ష్యాలవుతాయి. 1993 నాటి రాష్ట్ర చట్టం కింద తప్పుడు కుల ధ్రువపత్రానికి జైలు శిక్ష కూడా ఉంది. మళ్లీ హిందూ మతంలోకి వచ్చానని చెప్పి ఎస్సీ హోదా పొందినవారి కేసులు పాతవే. గుంటూరు మెడికల్ కాలేజీ సీటు విషయంలో 1976లో సుప్రీంకోర్టు, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవాడు హిందువుగా మారితే, ఆ కులంవారు తమవాడిగా అంగీకరిస్తే హోదా వస్తుందని చెప్పింది. ఆ తీర్పును పట్టుకుని ఎన్నికల కోసం కాగితం మీద మతం మార్చుకునేవారున్నారు. 2024 నవంబరులో అదే న్యాయస్థానం, క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని ఒక ఉద్యోగం కేసులో తేల్చింది. 2025లో మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి చేతిలో ఎస్సీ పత్రం ఉన్నంత మాత్రాన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ దక్కదని చెప్పింది. 1977లో వచ్చిన ఒక జీవో ప్రకారం మనవాళ్లకు కొన్ని ఆర్థిక సదుపాయాలు అందుతున్న మాట నిజమే. అది ఎన్నికల రిజర్వేషన్‌కు వర్తించదు, ఈ రెంటినీ కలిపి చెప్పే పెద్దమనుషుల మాట నమ్మి నామినేషన్ వేయకండి.

ఇక 2001 సంగతి. ఆ ఏడాది పదవి జనరల్. మా ఊళ్లో మూడు సంఘాలున్నాయి, మొత్తం ఓట్లలో మనవి మూడో వంతు దాకా ఉంటాయి. ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు గారు నన్ను బలిపీఠం ముందు నిలబెట్టి, పెద్దలందరి చేతులూ నా తలమీద ఉంచి ప్రార్థన చేయించారు. ఆ తర్వాత "దేవుడు మనకు ఇచ్చిన అవకాశం" అని నాలుగు మాటలు అన్నారు. నేను కాదనలేదు, నిజం చెప్పాలంటే లోలోపల సంతోషించాను. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. అప్పటిదాకా నన్ను 'మన పిల్లవాడు' అనుకున్న యాదవుల బజారు, చాకలి బజారు ఒక్క రాత్రిలో నాకు దూరమయ్యాయి. నా ప్రత్యర్థికి ఓటేద్దామనుకున్న రెండు కుటుంబాలు మా సంఘంలోనే ఉన్నాయి; దేవుడి నిర్ణయానికి ఎదురు వెళ్తున్నారన్న చూపులు భరించలేక వాళ్లు పక్క ఊరి సంఘానికి మారిపోయారు. ఎన్నికలో ఓడిపోవడం నేను మరిచిపోయాను గానీ, ఆ రెండు కుటుంబాల బెంచీ ఖాళీగా కనిపించినప్పుడల్లా ఇప్పటికీ ఆ ఆదివారమే గుర్తొస్తుంది.

శాసనసభ, పార్లమెంటు ఎన్నికల్లో మతం పేరుతో ఓట్లు అడగడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ అక్రమ పద్ధతిగా చూస్తుంది. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో, అభ్యర్థి మతమే కాక ఓటరు మతం పేరుతో అడిగినా అది వర్తిస్తుందని చెప్పింది. పంచాయతీలకు వేరే చట్టం ఉంది గానీ, ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రార్థనా స్థలాలను ప్రచార వేదికలుగా వాడొద్దని స్పష్టంగా చెబుతుంది. మీరు నామినేషన్ వేశాక మీ పాస్టరు గారి దగ్గరకు వెళ్లి, ఓట్లు పడేదాకా పేరు పెట్టి ప్రార్థన చేయవద్దని, చేస్తే అభ్యర్థులందరి కోసం చేయమని అడగండి. ఆయన నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. (2021లో నాలుగో విడత పోలింగు ఆదివారం పడింది, మా సంఘంలో ఆరాధన సాయంత్రానికి మార్చుకున్నాం. ఎవరికి ఓటేశావని ఎవరూ ఎవరినీ అడగని ఆదివారం అదొక్కటే నేను చూసింది.)

ఈ విషయంలో మీకు దూరం వెళ్లనక్కర్లేని ఉదాహరణ ఒకటి ఉంది, అదీ మీ జిల్లాలోనే. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవారికి ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు ముగిసేదాకా ఆపాడు. ఆ తర్వాతే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన సంఘాల్లో ఏటా 2,222 అన్న అంకెనే చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఆగిన నెలల గురించి చెప్పుకోం. పంచాయతీలో పనిచేసేవాడికి అక్కరకొచ్చేది ఆ ఆగడమే. ప్రజాధనంతో పెట్టించిన కులాయికి, సంఘంలో కుర్చీకి మధ్య ఆయన గీసిన గీత అది.

అది నాకు పింఛన్ల దగ్గర పనికొచ్చింది. 2006లో నేను గెలిచేనాటికి పింఛను నెలకు 200 రూపాయలు. ఇప్పటి 4,000తో పోలిస్తే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ రెండు వందల కోసం ఇళ్లలో తగవులు జరిగేవి. గ్రామసభకు ముందు రోజు మా సంఘ పెద్దలు పదకొండు మంది విధవరాండ్ర పేర్లు రాసి నా చేతిలో పెట్టారు. పదకొండు మందీ అర్హులే, ఒక్క పేరూ అబద్ధం కాదు. కాని ఊళ్లో అర్హులు ఇంకా ముప్పై మంది ఉన్నారు, వాళ్ల తరపున చీటీ రాసిచ్చేవారు లేరు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో కథ ఇదే కదా: అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది, అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే అన్న సంగతి చదువుతూ దాటిపోతాం. అంటే ఫిర్యాదు చేసిన వర్గం చేతికే పంపకం అప్పజెప్పారన్నమాట. నేను ఆ పని చేశాను. జాబితా రాసే పని మా వాడ పిల్లలకు కాకుండా చాకలి బజారులో పదో తరగతి చదివిన అమ్మాయికి, దూదేకుల ఇంటి కుర్రాడికి ఇచ్చాను. గ్రామసభలో మొదట చదివిన రెండు పేర్లూ వాళ్ల బజార్లవే. మా స్త్రీల సమాజంవారు మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. "మనవాడు గెలిచి మనకేం ఒరిగింది" అన్న మాట మా ఆవిడ చెవిన కూడా పడింది. ఆ పదకొండు మందిలో తొమ్మిది మందికి తర్వాతి విడతలో వచ్చింది. ఇద్దరు ఆలోపే చనిపోయారు. ఆ ఇద్దరి విషయంలో నేను చేసింది సరైనదేనా అని అడిగితే గట్టిగా చెప్పలేను.

లంచాల మాటకొస్తే, మామూలు లంచం గుర్తుపట్టడం తేలిక. సిమెంటు రోడ్డు పనిలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కించాక, బిల్లు మీద సంతకానికి ముందు కవరు వస్తుంది. అది ఏమిటో తెచ్చినవాడికీ తెలుసు, మనకీ తెలుసు. విశ్వాసిని పట్టుకోవడానికి వేరే వల ఉంది. మా మందిరానికి అప్పట్లో స్లాబు వేయాల్సి ఉంది, కానుకలు చాలక పని ఆగిపోయింది. సైడు కాలువ పని చేసిన కాంట్రాక్టరు (అతడు హిందువే, మర్యాదస్థుడే) ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "సర్పంచి గారూ, మీరు పుచ్చుకోరని తెలుసు, మీకివ్వను. దేవుడి పని ఆగకూడదు, వంద బస్తాల సిమెంటు దింపిస్తాను" అన్నాడు. కాలువకు వేసింది ఎంత పలచటి కాంక్రీటో నేను స్వయంగా చూసినవాణ్ణి. వద్దన్నాను. ఆ సంగతి ఎలాగో సంఘ కమిటీకి తెలిసిపోయింది. తర్వాతి సమావేశంలో నా మీద పడ్డారు: నీ సొంతానికైతే వద్దనుకో, దేవుడికి వచ్చేదాన్ని ఆపడానికి నువ్వెవరు, అని. కాలువ పలచన చేసి మిగిల్చిన సిమెంటుతో వేసిన స్లాబు కింద మోకరించలేనని చెప్పి కూర్చున్నాను. స్లాబు పడటానికి ఇంకో రెండేళ్లు పట్టింది. నా ఉద్దేశంలో విశ్వాసి అయిన సర్పంచి తన జేబు కంటే తన మందిరం కానుకల పెట్టెను ఎక్కువ కాపలా కాయాలి. నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. అధికారిగా తనకు రావలసిన భత్యాన్ని పన్నెండేళ్లు ముట్టుకోలేదని ఆయన రాసుకున్నాడు, కారణం కూడా అక్కడే ఉంది: జనం మీద భారం అప్పటికే ఎక్కువ. ప్రాకారం కట్టిన నెహెమ్యా గురించి ప్రసంగాలు చాలా విన్నాను. ఆ భత్యం లెక్క మీద ప్రసంగం మాత్రం నా జీవితంలో ఒక్కటే విన్నాను.

ఇలాంటిదే మందిరాల గోడల విషయం. బహిరంగ స్థలాల్లో, రోడ్ల మీద అనుమతి లేని ప్రార్థనా నిర్మాణాలను కొత్తగా రానివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులో ఆదేశించింది. మీరు గెలిచిన మరుసటి నెలలోనే ఎవరో ఒక పాస్టరు గారు రోడ్డు మార్జిన్‌లోకి రెండడుగులు జరుగుతామని అడుగుతారు. గుడివారు అడిగితే ఏం చెబుతారో ఆయనకూ అదే చెప్పండి.

జాతర గురించి మీరు అడగలేదు గానీ, అసలు భయం అదేనని నాకు తెలుసు. మా ఊళ్లో పోలేరమ్మ కొలుపులకు సర్పంచి ముందు నడవాలి, మొదటి కొబ్బరికాయ ఆయన చేతనే కొట్టిస్తారు. నేను గెలిచిన ఏడాది ఊరంతా ఎదురుచూసింది, ఇతను వస్తాడా రాడా అని. సంఘంలో కొందరు ఆ రోజు ఊరు విడిచి వెళ్లిపొమ్మన్నారు. ఇంకొందరు, ఓటేసినవాళ్ల మనసు నొప్పించకుండా కొట్టేయ్, దేవుడు హృదయం చూస్తాడన్నారు. సిరియా సేనాధిపతి నయమాను తన రాజుతో పాటు రిమ్మోను గుడిలో వంగాల్సి వస్తుందని ముందే చెప్పుకుంటే, ఎలీషా అతణ్ణి సమాధానంగా వెళ్లమన్నాడు. ఆ మాట నాకు గుర్తుంది. కాని నయమాను రాజుకు నౌకరు, నేను ఊరు ఎన్నుకున్న మనిషిని, నా చెయ్యి పట్టుకుని ఎవరూ వంచడం లేదు. నేను చేసింది ఇది. పండుగకు పదిరోజుల ముందే గుడి పెద్దల ఇంటికి వెళ్లి, కాయ కొట్టడం నా నమ్మకానికి కుదరదని, ఆ గౌరవం ఊళ్లో అందరికంటే పెద్దవాడైన పూజారి గారి అన్నగారికి ఇవ్వమని అడిగాను. ఆ రోజు నలుగురి ముందు వద్దంటే అవమానం, ముందుగా ఇంటికెళ్లి చెప్తే మర్యాద. తర్వాత పండుగ మూడు రోజులూ తెల్లవారుజామున నాలుగింటికే గుడి దగ్గర ఉన్నాను. నీళ్ల ట్యాంకర్లు, బ్లీచింగు, వీధి దీపాలు, కోళ్లు కోసిన చోట శుభ్రం, ఏదీ ఇంకొకరికి వదల్లేదు. రెండో రోజు రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే లైన్‌మన్‌ను బండి మీద తీసుకొచ్చింది నేనే. ప్రసాదం పెట్టినప్పుడు చేతులు జోడించి పక్కనున్న పిల్లవాడికి ఇప్పించాను. ఆ తర్వాత ఎవరూ కొబ్బరికాయ మాట ఎత్తలేదు. ఇదే సరైన పద్ధతని నేననను. విగ్రహాలకు అర్పించినవాటి గురించి పౌలు కొరింథువారికి రాసిన మాటలు చదివి ప్రసాదం తినే విశ్వాసులు నాకు తెలుసు, వారిని నేను తప్పు పట్టను. మీరు ఏది చేసినా ప్రతి ఏడాదీ ఒకేలా చేయండి, ఎన్నికల ఏడాది ఒకలా, మామూలు ఏడాది ఒకలా చేస్తే రెండు వైపులవారూ నమ్మరు.

దీనికి ఎదురుగా ఉండేది సమాధుల తోట. మన పల్లెల్లో క్రైస్తవ సర్పంచి మీద సంఘం పెట్టుకునే పెద్ద ఆశ అదే. మా తోటకు దారి లేదు, శవపేటికను చేలగట్ల మీద మోసుకెళ్లాలి. వానాకాలం అయితే మోకాలి లోతు బురద. దారి వేయడం న్యాయమే, కాని పక్క చేను వేరే కులపు రైతుది, నేను పదవిలో ఉన్న బలంతో పొక్లెయిన్ దింపితే అతడు కోర్టుకు వెళ్తాడు, ఊరు రెండవుతుంది. మండల సర్వేయర్‌తో కొలిపించి, పాత పటంలో ఉన్న డొంక ఎక్కడి నుంచి ఎక్కడికో రాళ్లు పాతించి, ఉపాధి హామీ కింద మట్టి దారి వేయించాం. అందులోనే ముస్లిముల శ్మశానానికి, ఊరి వల్లకాడుకు వెళ్లే బాటలు కూడా చేర్చాను, మూడూ ఒకే తీర్మానంలో పెట్టాను. ఒక్కటే పెట్టి ఉంటే పాలకవర్గంలో గెలిచేది కాదని నా నమ్మకం.

ఏకగ్రీవాల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని అడుగుతున్న పెద్దల మనసులో అది ఉండవచ్చు. ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తుంది. 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించారు. మంచి ఉద్దేశమే కావచ్చు. ఊళ్లలో మాత్రం అది చాలాసార్లు వేలంగా మారుతుంది: గుడికి ఇంత, రచ్చబండకు ఇంత ఇస్తానన్నవాడిదే పదవి. వేలంలో పదవి కొనడం నేరం. క్రైస్తవుడు గుడికి డబ్బిచ్చి పదవి కొనడం, లేదా పోటీగా మందిరానికి కూడా ఇస్తానని వేలం పెంచడం, రెండూ నేను చూశాను. పోలింగు ముందు రాత్రి పంచే డబ్బు, మందు సంగతి వేరే చెప్పాలా! మద్యం ముట్టని సంఘ పెద్ద వేరేవాడి చేత సీసాలు పంచించి, తన చెయ్యి తడవలేదు కదా అనుకోవడం మన దగ్గర కొత్తేమీ కాదు. నేను 2006లో పంచలేదు, అయినా గెలిచాను. 2013లో పంచని మా వాడు ఒకడు చిత్తుగా ఓడిపోయాడు. పంచకపోతే దేవుడు గెలిపిస్తాడని మీకు ఎవరైనా సాక్ష్యం చెబితే ఈ రెండో సంగతి కూడా గుర్తుంచుకోండి.

మన సంఘం ఏ విధంగా సాయపడిందో కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. నాకు సభ నడపడం, తీర్మానం రాయడం, కానుకల లెక్క నలుగురి ముందు చదివి వినిపించడం నేర్పింది పాస్టరేట్ (ఒక పాస్టరు కిందుండే సంఘాల) కమిటీయే. అక్కడి కొట్లాటలు చూసినవాడికి పంచాయతీ పాలకవర్గం పెద్దగా భయం పుట్టించదు. డోర్నకల్ బిషప్ అజరయ్య 1930లలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా వాదించాడు; అవి సంఘాన్ని ఒక రాజకీయ జాతిగా మార్చేస్తాయని ఆయన భయం. ఏటా డిసెంబరులో సెమీ క్రిస్మస్ (పండుగకు ముందు జరిపే వేడుక) వేదికల మీద కేకులు కోస్తున్న నాయకులను, వెనక వరుసలో దండలు పట్టుకుని నిలబడ్డ మన పెద్దలను చూసినప్పుడు ఆయన భయం ఉత్తదేమీ కాదనిపిస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. రిజర్వేషన్ల జాబితా వచ్చేదాకా ఆగకండి. గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టి బీసీ-సీ పత్రం తెచ్చుకోండి, బడి రికార్డుకూ సంఘం రిజిస్టరుకూ తేడా ఉంటే ఇప్పుడే తహసీల్దారు గారికి ఉన్నదున్నట్టు చెప్పండి. తర్వాత చెబితే అది సంజాయిషీ అవుతుంది. పదవి జనరల్‌కు గాని బీసీకి గాని వస్తే సర్పంచిగా వేయండి. ఎస్సీకి వస్తే, మిమ్మల్ని అడిగిన పెద్దలకు వాళ్ల ఇంటికి వెళ్లి కుదరదని చెప్పి, ఏదైనా జనరల్ వార్డులో వార్డు సభ్యుడిగా వేయండి. ఈలోగా మీ ఊరి పంచాయతీ గత రెండేళ్ల ఆర్థిక సంఘం నిధుల లెక్కలు కార్యదర్శి దగ్గర అడిగి చదవండి, మీ వాడ కాని మూడు వాడల్లో తాగునీళ్లు ఎన్ని గంటలకు వస్తాయో పొద్దున్నే వెళ్లి స్వయంగా చూసి రాసుకోండి. మీ అమ్మగారిని కూడా ఒక రోజు వెంట తీసుకువెళ్లండి. బిందెల దగ్గర ఆవిడతో ఆడవాళ్లు చెప్పేవి మీతో చెప్పరు.